ఎనభై స్పీడు దగ్గర గుంయ్

స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్పే ఆ కోడలికి రెండే బలహీనతలు. ఎక్కడ ఏ చప్పుడు విన్నా అదేం స్వరమో పైకి చెప్పకుండా ఉండలేకపోవడం ఒకటి. ఆమె ఎర్ర కారు రెండోది. ముగ్గురి చేతులు మారి వచ్చిన చిన్న టర్బో బండి అది. చూస్తే పిల్లి, తొక్కితే పులి. రోజూ పొద్దున్నే అందులో అత్తగారిని లైబ్రరీ దగ్గర దింపి, తను స్కూలుకి వెళ్ళేది. అత్తగారు ఆ లైబ్రరీకి పెద్ద.

ఒకరోజు స్పీడ్ బ్రేకర్ మీద తుప్పు పట్టిన సైలెన్సర్ కాస్తా ఊడి వేలాడింది. ఇదే సందని కోడలు, రేసు బండిలా మోగే కొత్త గొట్టాల సెట్టు కొందామని చూసింది. ధర చూసేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. చేసేది లేక, అందరూ గొట్టాల బాబాయి అని పిలిచే వెల్డర్ షెడ్డుకి బండి తోలింది.

ఆయన కారు కింద దూరి, టార్చి వేసి చూశాడు. ముందు భాగం, పొగని శుభ్రం చేసే డబ్బా, అన్నీ దిట్టంగా ఉన్నాయనీ, వాటి జోలికి పోవద్దనీ చెప్పాడు. వెనక సగం మాత్రం తీసేసి, లావుపాటి స్టీలు గొట్టం వేసి, పాత సామాన్ల కొట్లో దొరికిన పొట్టి సైలెన్సర్ అతికిస్తే తక్కువలో తెములుతుందన్నాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. తాళం తిప్పగానే బండి గొంతు సవరించుకుంది. కోడలికి ఒళ్ళు పులకరించింది.

మర్నాడు పెద్ద రోడ్డెక్కి ఎనభై దాటారో లేదో, కారు లోపల గుంయ్ మని మోత మొదలైంది. అద్దాలు వణికాయి, సీట్లు వణికాయి, వెనక సీట్లో అత్తగారి కళ్ళజోడు ముక్కు మీద నాట్యమాడింది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా కోడలు నోరు ఆపుకోలేకపోయింది.

"పియానో మీద ఎడమ చేతి కింద మోగే 'ఇ' స్వరం ఇది, అత్తయ్యా."

అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి బస్సెక్కింది. దారిలో పువ్వుల కొట్టు చూసుకుంటూ వెళ్ళడం బాగుందని కూడా అంది. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేది కోడలు. ఆ మర్యాదే ముల్లులా గుచ్చుకుంది. నాలుగు రోజులు వెనక సీటు ఖాళీగా వెళ్ళింది. సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు బండి మోత విని బొటనవేళ్ళు చూపించినా ఆమె ముఖంలో నవ్వు లేదు.

పెద్ద సైలెన్సర్ వేస్తే గుంయ్ పోతుంది, దాంతో పాటు బండి గొంతూ పోతుందని బాబాయి తేల్చేశాడు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అది. కోడలు రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే చెప్పుకుని నిట్టూర్చింది. అత్తగారు చెంచా కింద పెట్టింది.

"మోగేది ఒక్కటే స్వరమా, చాలానా?"

ఒక్కటేనని చెప్పింది కోడలు. మర్నాడు అత్తగారు లైబ్రరీ నుంచి, పదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని శబ్దశాస్త్రం పుస్తకం పట్టుకొచ్చింది. ఒక కొస మూసిన గొట్టాన్ని మోత వెళ్ళే దారిలో పక్కగా తగిలిస్తే, దాని పొడవుకి తగ్గ స్వరాన్ని అది మింగేస్తుందట.

ఆదివారం ముగ్గురూ షెడ్డులో చేరారు. ఎటూ పోని గొట్టం వెయ్యమంటున్నారేమిటని బాబాయి ముందు నొసలు చిట్లించాడు. పొగ వేడిని బట్టి కొలత మారుతుంది గనక, పొడవుగా మొదలుపెట్టి తగ్గించుకుంటూ వద్దామంది అత్తగారు. మీటరున్నర గొట్టాన్ని వంచి, కారు కింద అతికించి, రోడ్డెక్కారు. ఎనభైలో గుంయ్ అలాగే ఉంది గానీ డెబ్భైలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. గొట్టం పొడవెక్కువై కాస్త కింది స్వరాన్ని మింగుతోందనీ, దారి సరైనదేననీ ముగ్గురికీ అర్థమైంది. బాబాయి మూత విప్పి నాలుగు వేళ్ళ మేర కోశాడు. మళ్ళీ రోడ్డు. మళ్ళీ కోత. అత్తగారు చీటీ మీద కొలతలు రాస్తోంది, కోడలు ఆ 'ఇ' స్వరాన్ని కూనిరాగం తీస్తూ చెవులు రిక్కించి నడుపుతోంది, బాబాయి సీటు అంచు మీద కూర్చుని ఊపిరి బిగబట్టాడు. మూడోసారికి ఎనభై దగ్గర ఇండికేటర్ టిక్కుటిక్కుమనడం వినిపించింది.

"నా నలభై ఏళ్ళ పనిలో గొట్టానికి శ్రుతి చెయ్యడం ఇదే మొదలు," అన్నాడు బాబాయి, తన చెవులే తను నమ్మనట్టు.

ఆయన్ని షెడ్డు దగ్గర దింపి ఇంటికి వస్తుంటే దారిలో సొరంగం వచ్చింది. వెనక నుంచి అత్తగారు అద్దాలు దించమంది. కోడలు దించింది.

"ఇప్పుడొకసారి తొక్కు."

తొక్కింది. గోడ నుంచి గోడకి మోత దొర్లింది. బయటికొచ్చాక అత్తగారు చెదిరిన జుట్టు సర్దుకుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, బండిని మళ్ళీ సొరంగం వైపు తిప్పుకునే మలుపు ఎంత దూరముందని అడిగింది.