క్లినిక్‌లో విన్న మాట

గోకరకాయ తుంచుతున్నాను. మా ఆయన రాఘవేందర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "గా నవీన మీ క్లినిక్‌కు ఎందుకొచ్చింది?"

ఈయన గొంతు తగ్గిందంటే నాతో పని పడిందని అర్థం. నేను పంజాగుట్టలో జానకీదేవి డాక్టరమ్మ దగ్గర మెడికల్ అసిస్టెంటుని. అమీర్‌పేటలో కోర్సులో చేరతానన్నప్పుడు, బీపీ చూసుడు, చీటీలు రాసుడు సుత చదువేనా అని నవ్వింది ఈయనే. ఇప్పుడు ఆదివారం వస్తే దోస్తులు మా ఇంట్లో చొక్కా చేతులు మడిచి కూర్చుంటారు. బీపీ చూడాలి, షుగర్ చూడాలి, చాయ్ కూడా నేనే పెట్టాలి. ఇంట్లోనే నర్సు ఉందని అప్పుడు గొప్పలు పోతాడు. కూరలో ఉప్పు తగ్గిన రోజు మాత్రం, నర్సు కూడా కాదు, అదేం నౌకరీయో అంటాడు. నవ్వి ఊరుకుంటాను గానీ ఒళ్లు మండిపోతుంది.

నవీన మా మరిది రాకేశ్‌కు చూస్తున్న పిల్ల. పోయిన వారం ఎర్రగడ్డ వెళ్లి చూసొచ్చారు, అందరికీ నచ్చింది. నిన్న సాయంత్రం ఈయన నన్ను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, ఆ పిల్ల మా క్లినిక్ మెట్లు దిగుతూ కంట పడింది. అప్పటి నుంచి ఒకటే గోల. రేపు తమ్ముడి సంసారం పాడైతే పాపం నాదేనట.

ఎందుకొచ్చిందో నాకు తెలుసు. బరువు చూసిందీ నేనే, ఎప్పటి నుంచి అని అడిగి రాసుకున్నదీ నేనే. చెప్పబోయే ముందు ఆ పిల్ల తలుపు వైపు చూసింది. నేను లేచి తలుపు మూసి వచ్చాను. కోర్సులో సూది పట్టుకోవడం కన్నా ముందు నేర్పింది అదే. మెల్లగా అడగాలి, విన్నది అక్కడే వదిలేసి రావాలి. అందుకే ఈయనకు చెప్పనన్నాను. మీకు కూడా చెప్పను.

"పోనీ, ఏం లేదనన్నా చెప్పు," అన్నాడు.

అదీ కుదరదు. ఇవాళ ఈ పిల్లకు ఏం లేదని చెబితే, రేపు ఇంకొకరి గురించి నేను నోరు మూసుకోగానే ఏదో ఉందని చెప్పినట్టే కదా. ఏదున్నా ఆమెనే అడగమన్నాను.

ఆయన గొంతు మళ్లీ మామూలుగా లేచింది. "ఇంటికి పనికిరాని నౌకరీ ఎందుకు? రేపట్నుంచి బంద్ చెయ్."

నాకు భయం వేసింది. అన్నంత పనీ చేసే మనిషి. ఆ ఉద్యోగం పోతే, నన్ను పేరు పెట్టి పిలిచే చోటు ఇంకొకటి లేదు. అయినా చెప్పాను. "రేపు డ్యూటీ ఉన్నది. పోత."

పక్కన ఎల్లిపాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ చిలకమ్మ తలెత్తింది. ఇక కొడుకు తరఫున అందుకుంటుందనుకున్నాను. పెళ్లయినప్పటి నుంచీ జరుగుతున్నది అదే. ఈయన్ని అడగమని పంపింది కూడా ఆమేనేమోనని నా అనుమానం.

"దాన్ని అడగకురా," అంది కొడుకుతో. "ఎవ్వరియి ఎవ్వరికి చెప్పది. నాది సుత చెప్పలే."

రాఘవేందర్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "నీదేందమ్మా?"

అడిగింది తల్లిని, చూసింది నన్ను. అత్తమ్మ ఇంకో ఎల్లిపాయ అందుకుంది, నేను ఇంకో గోకరకాయ తుంచాను.