చంద్రవ్వ మెస్ ఎదుటి ఫుట్‌పాత్

క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీవాడు జొన్నరొట్టెల పొట్లాలు గుంజుకుని ఒక్కొక్కటిగా చెత్తడబ్బాలో పడేశాడు. పొద్దంతా ఇనుము వంచి వచ్చిన మనుషులు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. బయటి తిండి లోపలికి తేవద్దని కంపెనీ మేనేజరు ముదీర్ హుకుం. ఇక కంపెనీ డబ్బా అన్నమే తినాలి. తెల్లారకముందే నింపిన ఆ డబ్బాలు ఎండకు ఉడికి, మధ్యాహ్నం మూత తీస్తే పులిసిన కంపు కొడతాయి.

రోడ్డుకు ఇవతల తన మెస్ గుమ్మంలో నిలబడి చంద్రవ్వ అంతా చూసింది. అవి ఆమె కట్టిచ్చిన పొట్లాలే.

"తినే బువ్వను పారేసిండు గదరా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్ పారిశ్రామిక వాడలో, టైర్ల దుకాణం పక్కన ఆ మెస్. జగిత్యాల, నిర్మల్ పల్లెలవాళ్లకు అదే ఊరు. అక్కడ పచ్చిపులుసు దొరికేది, ఎల్లిపాయ కారం దొరికేది. ఇంటి నుంచి చావుకబురు వస్తే అక్కడే కూర్చుని ఏడ్చేవారు.

ఆ శుక్రవారం మెస్ కిక్కిరిసింది. ఇనుప పని చేసే భోజన్న బల్ల మీదికెక్కాడు.

"రేపటిసంది ఒక్కడు గూడ ఆ డబ్బా ముట్టద్దు."

"వీసా ఖలాస్ జేసి ఇంటికి తోల్తరు," అన్నాడు ఆశన్న భయంగా.

"ఒకన్ని తోల్తరు, ఇద్దర్ని తోల్తరు. అందర్ని తోలి ఆ బిల్డింగు ఎవనితోని కట్టిస్తరు?"

పక్క క్యాంపు డ్రైవర్ తారిఖ్ తమ గతీ ఇదేనంటూ లేచాడు. "హమారా భీ యహీ హాల్ హై, భాయ్!"

అప్పుడు క్యాంపు సూపర్‌వైజర్ దయాకర్ చేయి కడుక్కుని ముందుకొచ్చాడు. అతనిదీ వాళ్ల ఊరి పక్క ఊరే. కరోనాలో అతను జ్వరంతో పడి ఉంటే, గేట్లు మూసిన క్యాంపులోకి కిటికీ గుండా జొన్న గట్క అందించి బతికించింది చంద్రవ్వ.

"దరఖాస్తు నేను రాస్త. పేర్లు పెట్టుండ్రి. ముదీర్ ముంగట నేనే నిలబడ్త," అన్నాడు.

చప్పట్లు మోగాయి. మొదటి సంతకం భోజన్నది. చంద్రవ్వ మురిసిపోయి దయాకర్‌కు ఇంకో రొట్టె వేసింది.

సోమవారం భోజన్నను పని మీద నుంచే ఎయిర్‌పోర్టుకు పట్టుకెళ్లారు. గదికి వెళ్లి బట్టలు తెచ్చుకోనివ్వలేదు. మూడోనాడు ఆమెకు వీసా ఇప్పించిన యజమాని, కఫీల్ వచ్చి మెస్‌కు తాళం వేశాడు. చంద్రవ్వ వీసా కూడా రద్దన్నాడు. మెస్ ఇక కంపెనీ క్యాంటీన్ అట, నడిపేది దయాకర్ అట. సంతకాలు పెట్టించిన ఆ దరఖాస్తును గుట్టుగా తీసుకెళ్లి ముదీర్ చేతిలో పెట్టినందుకు దక్కిన బహుమానం.

తాళం పడ్డందుకు ఆమె ఏడవలేదు. దయాకర్‌ను వెతుక్కుంటూ వెళ్లి రోడ్డు మీదే నిలేసింది.

"నా గడపలనే, నా బువ్వ తినుకుంటనే పేర్లు రాయిచ్చినవా బిడ్డా?"

"నాకు పిల్లలున్నరు, పెద్దవ్వా."

"భోజన్నకు లేరా?"



మరుసటి శుక్రవారం మెస్ తాళం తీసి క్యాంటీన్ తెరిచారు. మొదటి రోజు ఉచితమని ప్రకటించారు. పొయ్యి మీద జొన్నరొట్టెలు పొంగుతున్నాయి. గేటు దాటి వస్తున్న గుంపును చూసి దయాకర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. గుంపు అతణ్ణి దాటిపోయి ఎదుటి ఫుట్‌పాత్ మీద కూర్చుంది. బకాలా కొట్టు నుంచి తెచ్చిన ఎండు ఖుబూస్ రొట్టె తుంచి, నీళ్లతో మింగసాగింది. వాళ్ల నడుమ చంద్రవ్వ.

"ఎవలకోసం కడుపులు మాడ్చుకుంటరు? రాండ్రి!" దయాకర్ అరిచాడు.

ఎవరూ లేవలేదు. పోలీసు బండి వచ్చి ఆగింది. ఒక పోలీసు దిగి, లేచి పొమ్మని కసిరాడు.

"యల్లా, యల్లా! ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనే," అని లేచింది చంద్రవ్వ.

ఆమెను బండెక్కించారు. తలుపు పడేముందు వెనక్కి తిరిగి, "తినుండ్రి, సగంల లేవకుండ్రి," అంది.

తరువాతి శుక్రవారం ఫుట్‌పాత్ సరిపోలేదు. తారిఖ్ తన క్యాంపునంతా వెంటబెట్టుకొచ్చాడు. రోడ్డుకు అవతల క్యాంటీన్‌లో ఖాళీ బల్లల మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

భయపడే ఆశన్నే ఈసారి కొత్త కాగితం తీశాడు. ఇంటికి తోలేసిన భోజన్నను, చంద్రవ్వను వెనక్కి రప్పించాలని మొదటి మాట రాశాడు. దాని చుట్టూ పెద్ద సున్నా గీసి, "గీ గీత మీద గుండ్రంగ పెట్టుండ్రి పేర్లు. ఎవడు ముందో ముదీర్‌నే ఎతుక్కోమను," అన్నాడు.

కాగితం చేతులు మారుతూ ఫుట్‌పాత్ చివరిదాకా వెళ్లింది.