అద్దం అడుగు పడవ

పెళ్ళయిన నాటి నుంచీ కోటేశ్వరమ్మ మొగుడి పేరు నోటితో పలికింది లేదు. ఆయన పేరు రాధాకృష్ణమూర్తి. పర్చూరు బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు ఆయనదే. ఒక్క పేరులో ఇద్దరు దేవుళ్ళుండటంతో ఆవిడకు కష్టాలు రెట్టింపయ్యాయి. కృష్ణానదిని ‘బెజవాడ ఏరు’ అనేది. కృష్ణాష్టమిని ‘ఉట్ల పండగ’ అనేది. ఎదురింటి రాధను ‘ఇదిగో అమ్మాయ్’ అని తప్ప పిలిచి ఎరగదు. కూతురు కామేశ్వరి, బడికెళ్ళే పిల్ల, “అమ్మా, ఆ ఏరుకి అసలు పేరేంటే?” అని పదిమందిలో ఏడిపించేది. ఆవిడ నవ్వి కొంగు నోటికడ్డం పెట్టుకునేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అంతే కాబట్టి అందులో వింతేమీ లేదు.

అలాంటి కోటేశ్వరమ్మ ఎనభయ్యారు డిసెంబరులో అండమాన్ దీవుల పక్కన పడవలో కూర్చుని ఉంది. ఇదంతా మందుల కంపెనీ చలవ. ఆ ఏడు పత్తిమందు ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు కుటుంబాలతో సహా యాత్రకు తీసుకొచ్చారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి అరడజను కుటుంబాలు మద్రాసులో ఓడెక్కి, దారి పొడుగునా వాంతులు చేసుకుని, చివరకు పోర్టుబ్లెయిర్‌లో ఒడ్డున పడ్డారు. దిగి రెండు ముద్దలు కడుపులో పడగానే మగవాళ్ళంతా ఓడ ప్రయాణమంత హాయి ఇంకోటి లేదనటం మొదలుపెట్టారు.

పడవ అడుగున అద్దం బిగించారు. తొంగి చూస్తే సముద్రం లోపలంతా కనబడుతుంది. ఎర్రటి పగడపు పొదలు, వాటి మధ్య పసుపుచారల చేపలు. కామేశ్వరి అద్దం మీద బోర్లా పడుకుని లేవనంటోంది. ఒడ్డున చెట్లు నీళ్ళదాకా దిగొచ్చాయి. నీళ్ళేమో తెల్లబట్టలకు నీలిమందు పెట్టే బకెట్టులో నీళ్ళలా ఉన్నాయి. కనుచూపు మేర ఎండిన పైరన్నది లేదు. చూడటానికి రెండు కళ్ళూ చాలవు. కానీ కోటేశ్వరమ్మ మనసు ఊళ్ళో తమ్ముడి చేలో ఉంది.

తమ్ముడు జానకిరామయ్యను ఆవిడే పెంచింది. తల్లి పోయేనాటికి వాడు లాగు కట్టుకోవటం రాని పిల్లాడు. ఇప్పుడు భార్యా, ఇద్దరు పిల్లలతో నల్లరేగడి కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. ఈ ఏడు చేనంతా ఆకు రసం పీల్చే తెల్లదోమ కమ్మింది. వాడికి బావ మాటంటే వేదం. ఏ ఆకు ముడుచుకున్నా కోసుకొచ్చి కొట్టు బల్ల మీద పెట్టేవాడు. మూర్తి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆ ఆకును అటూ ఇటూ తిప్పి, డబ్బా తీసి చేతికిచ్చేవాడు. ఊరందరికీ అదే పద్ధతి. వ్యవసాయశాఖవాళ్ళ దగ్గరికి వెళ్ళిన రైతులను అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డాక్టరు వేరూ, మందుల కొట్టు వేరూ అని మనుషుల జబ్బులకు తెలుసు గానీ పైర్ల జబ్బులకు తెలియదు.

చీరాల స్టేషనుకి సాగనంపటానికి కూడా వచ్చాడు జానకిరామయ్య. రైలు కదులుతుంటే కిటికీ చువ్వ పట్టుకుని అడిగాడు, దోమ ఇంకా ఆగట్లేదు బావా, ఏం చెయ్యమంటావని. ఇచ్చిన డబ్బాలున్నాయిగా, వారం వారం కొడుతూనే ఉండు, నేనొచ్చేదాకా ఆపకు అన్నాడు మూర్తి. వాడు తలూపి, రైలుతో నాలుగడుగులు నడిచి ఆగిపోయాడు.

పడవలో ఎదురుబల్ల మీద మొహిద్దీన్ బాషా, ఆయన భార్య జహీరున్నీసా కూర్చున్నారు. వాళ్ళకు గుంటూరులో మందుల కొట్టుంది. కంపెనీ ఆఫీసరు పడవ ముందువైపు పిల్లలకు ఫొటోలు తీస్తుంటే, బాషా గొంతు తగ్గించి మూర్తితో మాట్లాడాడు. ఈ మందుకు తెల్లదోమ చావటం లేదట. దోమను తినే మంచి పురుగులు చస్తున్నాయట. కొట్టినకొద్దీ దోమ ఎక్కువవుతోందట. మందు ఆపేసి చేను అలా వదిలేసినవాళ్ళకు కనీసం సగం పంటన్నా చేతికొచ్చేలా ఉందట. ఆపనివాళ్ళ చేలు మసిబారి పోయాయట.

“నాకు దసరాప్పుడే తెలుసు బాషాగారూ,” అన్నాడు మూర్తి, చేపల వైపు చూస్తూనే. “అప్పటికి టార్గెట్‌కి ఇంకా కాస్త తక్కువుంది.”

బాషా ఆఫీసరు వైపు ఓసారి చూశాడు. తర్వాత, “నన్ను మాత్రం ఏం చెప్పమంటారు, అందరం ఈ పడవెక్కినవాళ్ళమేగా,” అన్నాడు.

ఆ మాటలన్నీ కోటేశ్వరమ్మ చెవిన పడ్డాయి. మొగుడు తెలియక చేసిన పని కాదిది. తెలిసే ఇచ్చాడు, అదీ తన తమ్ముడికే ఇచ్చాడు. ఇంత అందమైన చోట అలాంటి మాట విన్నందుకు ఆ అందం మీదే అసహ్యం పుట్టింది.

పడవ దీవి ఒడ్డున ఆగింది. పిండి ఆరబోసినట్టు తెల్లటి ఇసుక. అందరూ కొబ్బరిబోండాల మీద పడితే ఆవిడ మొగుణ్ణి పక్కకు తీసుకెళ్ళి, తమ్ముడికి ఇవాళే కబురు పంపమని అడిగింది. ఊరెళ్ళాక చూద్దాం అన్నాడు మూర్తి. ఊరెళ్ళేసరికి ఇంకా రెండుసార్లు కొడతాడంది. ఆయన బోండాం పక్కన పెట్టాడు.

“వాడొక్కడికి చెబితే ఊరందరికీ చెప్పినట్టే. పొద్దున్నకల్లా డబ్బాలన్నీ తెచ్చి నా కొట్టు ముందు పోస్తారు. మనం ఈ ఇసుకలో నిలబడ్డామంటే ఆ డబ్బాల వల్లే.”

“నాకీ ఇసక వద్దండీ. వాడి చేను నిలబడితే చాలు.”

ఆయన బోండాం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆఫీసరు ఫొటోకి పిలిస్తే వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడా వెళ్ళి పక్కన నిలబడాల్సి వచ్చింది. ఆ ఫొటో తర్వాత చాలాకాలం కొట్టు గోడకు వేలాడింది. అందులో మూర్తి ఒక్కడే నవ్వుతున్నాడు.

మర్నాడు మగవాళ్ళకు హోటల్లో కంపెనీ మీటింగు పెట్టారు. కోటేశ్వరమ్మ జహీరున్నీసా దగ్గరికెళ్ళి ఉన్న సంగతంతా చెప్పేసింది. ఆవిడ వెంటనే చెప్పులేసుకుంది. హిందీ వచ్చు కాబట్టి టాక్సీ మాట్లాడి పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది. తీరా చూస్తే కౌంటరులో గుమాస్తాది శ్రీకాకుళం. తెలుగు మాట చెవిన పడేసరికి కోటేశ్వరమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. తమ్ముడికి టెలిగ్రాం ఇవ్వాలని చెప్పి, మందు కొట్టొద్దని రాయమంది. గుమాస్తా ఇంగ్లీషులో రాసి, పంపేవాళ్ళ పేరడిగాడు.

కోటేశ్వరమ్మ తటపటాయించింది. మొగుడి పేరు వేస్తే బాగుంటుందని మనసుకి తోచింది. నోరు తెరిచింది కూడా. కానీ ఇరవయ్యేళ్ళుగా రాని మాట ఆ కౌంటరు ముందు ఎలా వస్తుంది? ఆసుపత్రిలోనైతే పక్కనుండి కామేశ్వరి చెప్పేది, ఇవాళ పిల్లను హోటల్లోనే వదిలొచ్చింది. ఆవిడ జహీరున్నీసా వైపు చూసింది. పేరు నువ్వు చెప్పమ్మా అనే ఆ చూపు జహీరున్నీసాకు అర్థమైంది. కానీ ఆయన కామేశ్వరి వాళ్ళ నాన్న అని తప్ప అసలు పేరు ఆవిడకూ తెలియదు.

“మాలోనూ అంతే వదినగారూ. మా ఆయన పేరు నా నోటెంట ఎవరూ వినలేదు,” అని నవ్వింది జహీరున్నీసా. కోటేశ్వరమ్మ కూడా నవ్వేసింది. వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెడుతున్నారు.

“అక్క అని రాయండి బాబూ,” అంది గుమాస్తాతో. “వాడికి అదే చాలు.”

చాలనే అనుకుంది మరి. గోరుముద్దలు తినిపించిన చెయ్యి, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్న మనిషి. వాడు అక్క మాట కాదనటం ఎప్పుడైనా జరిగిందా?

ఆ సాయంత్రం పడవ షికారులో మాత్రం కోటేశ్వరమ్మ నిజంగా సముద్రాన్ని చూసింది. కూతురి పక్కన తనూ అద్దం మీదికి వంగింది. నీలం చేప, గొడుగులాంటి చేప, ముళ్ళబంతిలాంటిదేదో. “అమ్మా, అదిగో, అదిగో!” అని కామేశ్వరి అరుస్తుంటే ఏదీ ఏదీ అంటూ చిన్నపిల్లలా వెతికింది. పొద్దుగూకేవేళ ఒడ్డున కొబ్బరిచెట్లన్నీ ఎర్రబడితే, ఈసారి రామయ్యనీ వాడి పిల్లల్నీ తీసుకురావాలని పైకే అంది. మూర్తి ఆవిడ కోపం పోయిందనుకుని సంతోషించాడు. ఆవిడ జీవితంలో అంత తేలికపడిన సాయంత్రం మళ్ళీ రాలేదు.

తిరిగొచ్చిన మర్నాడే చేలోకి వెళ్ళారు. గట్టు మీద నుంచే తెలిసిపోయింది. చేనంతా పొయ్యి మీద గిన్నె అడుగులా నల్లగా ఉంది. ఆకు పట్టుకుంటే చేతికి బంక అంటుకుంది. ఒక మొక్క కదిపితే దోమ పిండి ఎగజల్లినట్టు లేచి మళ్ళీ అక్కడే వాలింది. పగిలిన నాలుగు కాయల్లోనూ పత్తి తెల్లగా లేదు. జానకిరామయ్య పంపు భుజాన వేసుకుని చేలోంచి వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. జేబులోంచి మడిచిన టెలిగ్రాం తీశాడు.

“అందిందక్కా. హెడ్మాస్టరు చదివి చెప్పాడు. ఎవరి పేరుందయ్యా అంటే అక్క అని ఉందన్నాడు. బావ పేరు లేదా అని మళ్ళీ అడిగా. లేదన్నాడు. బావ వద్దనుంటే బావ పేరే ఉండేదిగా. దూరాన ఉండి నువ్వే బెంగపడి రాశావనుకున్నా. మందుల సంగతి నీకేం తెలుసు పాపం.”

“ఆపావా లేదా?”

“ఆ సాయంత్రమే కొట్టా. ఈసారి రెండు మందులు కలిపి కొట్టా.”

కోటేశ్వరమ్మ గట్టు మీద కూలబడింది. ఒక్క పేరు. నోరు పెగిలి చెప్పి ఉంటే వాడు ఆపేవాడు. సగమన్నా మిగిలేది. మర్యాద అనుకుని మింగిన మాట తమ్ముడి చేను మీద మసై పడింది. జానకిరామయ్య ఆవిణ్ణి చూడటం లేదు. బావ వైపు తిరిగాడు.

“ఇప్పుడేం కొట్టమంటావు బావా?”

మూర్తి ఒక ఆకు తెంపాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అటూ ఇటూ తిప్పాడు. మొన్న కొత్తమందొకటి దిగిందనీ, దాంతో ప్రయత్నించి చూద్దామనీ అన్నాడు.

కోటేశ్వరమ్మ లేచి నిలబడింది.

“రాధాకృష్ణమూర్తి మాట వినొద్దురా రామయ్యా. ఇన్నాళ్ళూ ఇచ్చిన మందు పనిచెయ్యదని ఆయనకి దసరాకే తెలుసు.”

పక్క చేలో కూలీలు వంచిన నడుములెత్తి చూశారు. మూర్తి చేతిలోంచి ఆకు జారిపోయింది. జానకిరామయ్య ముఖం ఎర్రబడింది. చేను పోయినా తలెత్తుకునే నిలబడ్డవాడు ఇప్పుడు సిగ్గుతో తల దించుకున్నాడు.

“మతి పోయిందా అక్కా? నలుగురూ వింటుండగా బావని పేరెట్టి అంటావా?”

ఆవిడ మళ్ళీ చెప్పబోయింది. వాడు చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. ఓడ ప్రయాణంలో ఒంట్లో బాగోలేక ఏదో అందిలే, ఏమీ అనుకోవద్దని బావను బతిమాలాడు. తర్వాత పంపు కిందికి దించి, ఆ కొత్తమందు పేరేమిటని అడిగాడు.

మూర్తి చెప్పాడు. మర్చిపోకుండా జానకిరామయ్య ఆ పేరును రెండుసార్లు పైకి అనుకున్నాడు.