స్టాండు ఆయిలు

పాతపట్నం టాక్సీ స్టాండులో బేరాలు లేని పూట ఒకటే వాదన నడిచేది. ఉదయన్ కార్ల కంపెనీ వాళ్ళ పాత డీజిలు ఇంజిను గొప్పదా, దాన్ని తీసేసి తెచ్చిన మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిను గొప్పదా అని. రోడ్డుకి ఇవతల రేకుల కొట్లో కుట్టుమిషను ముందు కూర్చునే స్వర్ణ చెవిన ఆ మాటలన్నీ పడేవి. వినాలని వినేది కాదు. మిషను ఆగినప్పుడల్లా అవే వినబడేవి. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆమెకి ఏ కారు చూసినా ఒకటే. ఇప్పుడు టర్బో ఎందుకు పెడతారో, మూడు సిలిండర్ల బండి ఆగి ఉన్నప్పుడు ఎందుకు వణుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆమెని అడిగేవాళ్ళే లేరు.

డీజిలు పక్షానికి కూర్మయ్య పెద్ద. స్టాండు మొదలుపెట్టిన వాళ్ళలో ఇంకా స్టీరింగు వదలని మనిషి ఆయనొక్కడే. ఆయన తెల్లకారు ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో మీటరే మర్చిపోయింది గాని, దాని ఇంజిను మాత్రం ఒక్కసారీ విప్పలేదు. కంపెనీ ఆ ఇంజిను మానేసిందని తెలిసిన రోజున ఆయన ఇంట్లో మనిషిని ఎవరో తప్పుగా అన్నట్టు బాధపడ్డాడు. కొత్తదాన్ని మూడుకాళ్ళ మంచం అనేవాడు. ఎక్కి పడుకుంటే ఎటు వైపు ఒరుగుతుందో దానికే తెలీదని నవ్వించేవాడు.

పెట్రోలు పక్షానికి ఒక్కడే, స్వర్ణ మొగుడు బెన్హర్. ఫోనులో కార్ల వీడియోలు చూస్తూ అన్నం చల్లార్చుకునే రకం. ఇంజిను చిన్నదయితే బలం తగ్గినట్టు కాదని, బరువు తగ్గితే ఘాట్ రోడ్డు మీద బండి ఎలా లేస్తుందో మీరు తోలి చూస్తే గాని తెలీదని ఒంటి చేత్తో అందరితో వాదించేవాడు. అప్పలసూరి అనే డ్రైవరు మాత్రం పొద్దున్న ఒక పక్షం, సాయంత్రం ఇంకో పక్షం. టీ ఎవరు ఇప్పిస్తే వాళ్ళ ఇంజినే గొప్పదని తన మీద తనే జోకు వేసుకునేవాడు.

బెన్హర్‌కి సొంత కారు కావలసింది వాదన కోసం కాదు. తండ్రి డేవిడ్‌రాజుకి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు శ్రీకాకుళం తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. బస్సులో వెళ్ళొచ్చేసరికి ముసలాయన మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. ఆయన కూడా ఒకప్పుడు ఈ స్టాండు డ్రైవరే, కూర్మయ్యకి ప్రాణస్నేహితుడు. అందుకని బెన్హర్ కారు కొంటానన్నప్పుడు కూర్మయ్య, సెకండ్ హ్యాండులో మంచి డీజిలు బండి నేను చూసిపెడతానన్నాడు. బెన్హర్ వినలేదు. శ్రీకాకుళం షోరూముకి వెళ్ళి మూడు సిలిండర్ల కారే తెచ్చాడు.

ఆ రోజు స్వర్ణ కూడా పక్కన ఉంది. తాళాలు చేతికిచ్చే ముందు షోరూము అబ్బాయి ఇంజిను మూత ఎత్తి ఒక్క మాట గట్టిగా చెప్పాడు. ఇందులో బెల్టు బయట ఉండదు, ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది, దీనికని చేసిన ఆయిలు తప్ప ఇంకేది పోసినా బెల్టు నాని పొట్టులా రాలిపోతుంది, ఆ పొట్టు ఆయిలు దారికి అడ్డం పడుతుంది అని. స్వర్ణకి అది వెంటనే ఎక్కింది. పెళ్ళికి ముందు ఒకసారి మిషన్ ఆయిలు అయిపోతే కొబ్బరినూనె వేసి, మిషను బంకపట్టి కదలక తల్లి చేత తిట్లు తింది. బెన్హర్ అయితే షోరూము అబ్బాయి చెప్పకముందే నాకు తెలుసన్నట్టు తల ఊపాడు. నిజంగానే అతనికి తెలుసు.

స్టాండుకి ఒక పద్ధతి ఉంది. డ్రైవర్లందరూ కలిసి విశాఖపట్నం నుంచి ఇంజినాయిలు డ్రమ్ము తెప్పించి కూర్మయ్య షెడ్డులో పెట్టుకుంటారు. కొత్త బండి ఎవరిదైనా, తొలి ఆయిలు మార్పు స్టాండులోనే. అందరూ చుట్టూ నిలబడతారు, కూర్మయ్య తన చేత్తో గరాటు పెట్టి పోస్తాడు. హిందువులు కొబ్బరికాయ కొడతారు, క్రైస్తవులు ప్రార్థన చేయించుకుంటారు, ఆయిలు మాత్రం అందరికీ ఒకటే. అది పడ్డాకనే ఆ బండి వరసలోకి వస్తుంది. ఇన్నేళ్ళలో వద్దన్నవాడు లేడు, ఆ ఆయిలుతో చెడిన బండీ లేదు. అన్నీ డీజిలు బళ్ళే కదా.

బెన్హర్ కారు వంతు వచ్చిన రోజున డేవిడ్‌రాజు కుర్చీ వేయించుకుని కూర్చుని చిన్న ప్రార్థన చేశాడు. కూర్మయ్య మగ్గుతో ఆయిలు ముంచి, మూత దగ్గర ఆగి, బెన్హర్ మొహంలోకి చూశాడు. అతని మొహంలో ఏదో కనబడి ఉంటుంది.

"ఏటిరా అలగ సూస్తన్నావు? నీ మూడుకాళ్ళ మంచం మా ఆయిలు తాగదేటి?"

అందరూ నవ్వారు. నాజూకు పిల్లరా, దీనికి నెయ్యి పొయ్యాలి అన్నాడు అప్పలసూరి. కొట్టు గుమ్మంలోంచి స్వర్ణ మొగుడి వైపే చూస్తోంది. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెబితే, ఏడాదిగా గెలుస్తూ వచ్చిన వాదన ఆ ఒక్క మాటతో ఓడిపోయేది.

"ఎందుకు తాగదు మావ," అన్నాడు బెన్హర్. "పొయ్యి."

ఆ రాత్రి స్వర్ణ అడిగితే, రేపు శ్రీకాకుళంలో తీయించేసి అసలుది పోయిస్తానన్నాడు. రేపు బేరం తగిలింది. ఆ తరవాత బండి బాగానే తిరిగింది. కొండ ఎక్కేటప్పుడు లాగుడు చూసి కూర్మయ్యే ఒకసారి పరవాలేదన్నాడు. రెండోసారి ఆయిలు మార్చే నాటికి అదే డ్రమ్ము, అదే గరాటు. ఒకసారి తాగిన బండి రెండోసారి తాగదని ఎలా చెబుతాడు? స్వర్ణ మళ్ళీ అడిగింది. కంపెనీవాళ్ళు తమ సరుకు అమ్ముకోడానికి అలాగే భయపెడతారని అన్నాడు. ఆ మాట అతను నమ్మి అనలేదని ఆమెకి తెలుసు. నమ్మనిదాన్నే అతను అంత మెల్లగా అంటాడు. ఇంకా గట్టిగా అడగాల్సింది. అడగలేదు. కారు నడుస్తోంది, మావగారు బతుకుతున్నారు, ఇంట్లో గొడవెందుకు అనుకుంది.

రెండో వేసవిలో అద్దం కింద ఎర్రదీపం ఒకటి అప్పుడప్పుడు వెలిగి ఆరిపోవడం మొదలయింది. ఆయిలు గుర్తు. ముందు సీట్లో కూర్చున్న స్వర్ణ వేలు పెట్టి చూపించింది. సెన్సారు తప్పు, ఈస్టరు వెళ్ళాక చూపిద్దామన్నాడు.

గుడ్ ఫ్రైడే నాడు డేవిడ్‌రాజు ఆసుపత్రికి రానన్నాడు. ఏటా చర్చిలో సిలువ మీద యేసు అన్న ఏడు మాటల్లో దాహం మాట మీద ప్రసంగం ఆయనదే. డాక్టరు మాట మీద మంచినీళ్ళు కొలుచుకుని తాగే రోజులు వచ్చాక ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది, వెనక వరస ఆడవాళ్ళు కొంగులు మొహాలకి పెట్టుకునేవారు. ఒక్క రోజే కదా, శనివారం వెళ్దామన్నాడు. ప్రసంగం అయ్యాక, ఆ ఎండకి, ఎవరూ చూడకుండా ఎన్ని నీళ్ళు తాగాడో ఎవరికీ తెలీదు. శనివారం తెల్లారేసరికి కాళ్ళు పొంగాయి, ఊపిరి అందడంలేదు. బెన్హర్, స్వర్ణ ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరారు.

సరుబుజ్జిలి మీదుగా వెళ్దామా, సారవకోట మీదుగానా అని బెన్హర్ ఒక్క క్షణం ఆలోచించి, రోడ్డు బాగుందని సారవకోట వైపే తిప్పాడు. సారవకోట దాటాక ఎర్రదీపం వెలిగింది. ఈసారి ఆరలేదు. ఆపితే మళ్ళీ స్టార్టు అవుతుందో లేదోనని అతను ఆపలేదు. కాసేపటికి ఇంజినులోంచి గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు వచ్చింది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. కారు తనంతట తానే మెల్లగా వెళ్ళి ఒక జీడితోట పక్కన ఆగింది.

108కి ఫోన్ చేస్తే బండి వస్తోందన్నారు. కూర్మయ్యకి చేస్తే, ఏమైందని కూడా అడగకుండా బయల్దేరాడు. స్వర్ణ మావగారి వీపుకి తన ఒళ్ళు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, కొంగుతో విసురుతూ ఉంది. పడుకోబెడితే ఊపిరి ఆగిపోయేలా ఉంది. బెన్హర్ ఇంజిను మూత ఎత్తి, దేన్నీ ముట్టుకోకుండా, ఊరికే దానిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఒరే బెన్నూ," అని పిలిచాడు ముసలాయన, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "బండికేటయినాది?"

అతను ఇంజినులో ఇంకా ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకునే ఉన్నాడు.

కూర్మయ్య తెల్లకారే ముందు వచ్చింది. ముగ్గురూ పట్టి ఆయన్ని అందులోకి మార్చారు. ఆ పాత డీజిలు ఇంజిను తన జన్మలో ఎప్పుడూ పరిగెత్తనంతగా పరిగెత్తింది. నరసన్నపేట ఇంకా రాకముందే స్వర్ణ ఒళ్ళోని బరువు మారిపోయింది. కూర్మయ్య అద్దంలోంచి ఆమె మొహం చూసి, తనే కారు వేగం తగ్గించాడు.

ఈస్టరు నాడు సమాధి చేశారు.

ఆ తరవాత వారాలన్నీ స్టాండులో ఒకటే మాట, ఇప్పుడది వాదన కూడా కాదు. అందరిదీ ఒకే పక్షం. శ్రీకాకుళంలో ఇంజిను విప్పితే బెల్టు పొట్టు నల్లగా జల్లెడకి పట్టి ఉందని, ఆయిలు పైకి రాక ఇంజిను బిగిసిపోయిందని బెన్హర్ చెప్పాడు. అంతవరకే చెప్పాడు. ఆయిల్లో రబ్బరు బెల్టు తిప్పాలని ఏ బుద్ధిలేనోడికి తోచిందోనని కూర్మయ్య మండిపడ్డాడు. ఈ కంపెనీయే మా డేవిడ్‌రాజుని పొట్టన పెట్టుకుందని పాసింజర్లకి కూడా చెప్పేవాడు. చెబుతూ ఏడ్చేవాడు. బెన్హర్ పక్కనే కూర్చుని, అవును మావ, నువ్వు ముందే సెప్పినావు అనేవాడు.

మిషను తొక్కుతూ స్వర్ణ అది వినేది. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ అడిగింది, ఆయన అలా ఏడుస్తుంటే చూస్తూ ఎలా కూర్చుంటున్నారని. బెన్హర్ కంచం ముందునుంచి లేచిపోయాడు. నిజం తెలిస్తే కూర్మయ్య మావ ఇంకేం బతుకుతాడు, ఆయన్ని కాపాడడానికే నోరు మూసుకున్నాను అన్నాడు గుమ్మంలోంచి. అది కొంతవరకు నిజమే. ఆమె కంచం తీసి లోపల పెట్టింది.

జూన్లో అప్పలసూరి కారు వచ్చింది. అదే కారు, అదే ఇంజిను. బెన్హర్ మాటలు విని ఎప్పుడో బుక్ చేసుకున్నాడు, వెనక్కి తీసుకోవడం కుదరలేదు. నా పెళ్ళాం రోజూ దీన్ని చూసి దండం పెడతంది, భక్తితో కాదు, భయంతో అని అప్పలసూరే నవ్వించబోయాడు. ఎవరూ పెద్దగా నవ్వలేదు. తొలి ఆయిలు మార్పు రోజున మామూలుగానే అందరూ చుట్టూ చేరారు, కొబ్బరికాయ కొట్టారు. కూర్మయ్య డ్రమ్ములోంచి మగ్గు ముంచాడు.

స్వర్ణ మిషను ఆపింది. బెన్హర్ గుంపు వెనక నిలబడి ఉన్నాడు. అతని వైపు చూసింది, చాలాసేపు చూసింది. అతనికి ఆమె చూస్తున్నట్టు తెలుసు. నేల చూస్తున్నాడు. అప్పలసూరి కూతురు కారు వెనక సీటెక్కి కిటికీలోంచి చేతులు ఊపుతోంది.

ఆమె రోడ్డు దాటి, మగవాళ్ళ మధ్యనుంచి వెళ్ళి, ఆయిలు పోసే చోట అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటమ్మా ఇది, సెయ్యి తియ్యి," అన్నాడు కూర్మయ్య. "ఇంజిను కాల్తాది."

"ఈ ఆయిలు పొయ్యొద్దు మావయ్యా. ఈ ఇంజిన్లో బెల్టుకి ఇది పడదు. మా కారుకి అదే అయినాది."

"ఎవులు సెప్పినారు నీకు?"

"కారు ఇచ్చిన రోజే సెప్పినారు. మా ఇద్దరికీ."

కూర్మయ్య చేతిలో మగ్గు అలాగే ఉంది. ఆయన తల తిప్పి గుంపులో బెన్హర్ కోసం వెతికాడు. మనుషులు తప్పుకుని దారి ఇచ్చారు.

"నీకు తెలుసేటిరా?"

"తెల్సు మావ."

"మరి సెప్పలేదేటిరా? అన్నిమాట్లూ నా సేత్తోనే పోసినాను కదరా. మీ బాబు ఎదురుగుండా పోసినాను."

బెన్హర్ డ్రమ్ము వైపు చూస్తూ అన్నాడు.

"సెప్తే నువ్వు నవ్వుతావని."

కూర్మయ్య మగ్గులోని ఆయిలుని తిరిగి డ్రమ్ములో పోసి, మూత బిగించాడు. బిగిసిన మూతని మళ్ళీ బిగించాడు. ఆ తరవాత తన తెల్లకారు దగ్గరికి నడిచి, ముందు తలుపు కాకుండా వెనక తలుపు తీసి, ఆ సీట్లో కూర్చున్నాడు. పాసింజరు ఎవరో బేరానికి వచ్చి ఆయన్ని చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

స్వర్ణ కొట్లోకి తిరిగి వచ్చింది. మిషను మీద బడి పిల్లల తెల్లచొక్కా సగం కుట్టి ఉంది. తన అరచెయ్యి నల్లగా ఉండడం చూసుకుని, చొక్కాని ముట్టుకోకుండా, ఆ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. బెన్హర్ రోడ్డు దాటి గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. అతనూ రాలేదు.