ఏటివైపు ఒరిగే నీళ్ళు

ఇంజనీరమ్మ పొద్దున్నే ఆఫీసుకొచ్చి చేసే మొదటి పని, బల్ల మీది గ్లాసులో నీళ్ళు చూసుకోవడం. ఆ ఊళ్ళో ఏ గ్లాసులో పోసినా నీళ్ళు తూర్పు ఏటివైపే కాస్త ఒరిగి నిలబడేవి. రెండు ఏర్లకీ మధ్యనున్న ఎత్తు గట్టు దాటి అవతలికి వెళితే పడమటి ఏటివైపు ఒరిగేవి. అందుకే అక్కడెవరూ గ్లాసు నిండా పోయరు.

ఆ ఏడు తూర్పు ఏటి మీద వంతెన కట్టాలి. ఎంత నేల మీద పడ్డ వాన ఆ ఏట్లోకి చేరుతుందో లెక్క తేలితేగాని వంతెనకి కింద నీళ్ళు పారే ఖానాలు మూడు చాలో, నాలుగు కావాలో చెప్పలేరు. తక్కువ లెక్కేస్తే మొదటి వరదకే కొట్టుకుపోతుంది. మ్యాపు మీద గట్ల వెంబడి గీత గీస్తూ వచ్చిన ఇంజనీరమ్మ చెయ్యి ఒక మైదానం దగ్గర ఆగిపోయింది. ఎటు చూసినా చదునే.

జీపులో వెళ్ళేసరికి అక్కడి టీకొట్టు ముందు పడమటి ఏటి ఇంజనీరు చేతిలో గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఆయనకీ అదే తలనొప్పి. ఇద్దరూ కలిసి మైదానమంతా గ్లాసులు పెట్టుకుంటూ, సున్నంతో గుర్తులు వేసుకుంటూ తిరిగారు. వారం తిరిగేసరికి పని తక్కువ, కబుర్లు ఎక్కువ అయ్యాయి. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయిందని ఆమెకి తెలిసింది. పెళ్ళి ఊసెత్తితే ఆమె అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతుందని ఆయనకి తెలిసింది.

చివరికి టీకొట్టు ఒక్కటే మిగిలింది. కొట్టు నడిపే అక్క రెండు టీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంజనీరమ్మ టీ పడమటికి ఒరిగింది.

"కొట్టు మీదేనండీ. మైదానంలో సగం నాకొచ్చింది కాబట్టి నాలుగు ఖానాలు తప్పవు," అందామె.

ఆయన చేతిలో టీ తూర్పుకి ఒరిగి ఉంది. గ్లాసు తిప్పి చూశాడు. లేచి బల్లకి అటు పక్కన కూర్చున్నాడు. మళ్ళీ తూర్పుకే. అక్క ఇంకో టీ తెచ్చింది. అది పడమటికే ఒరిగి ఉన్నది కాస్తా, ఆయన చెయ్యి తగలగానే తూర్పుకి తిరిగింది.

"టీ మంచిదే సార్, తిరిగింది మీరే," అంటూ అక్క పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంజనీరమ్మ ఈసారి లేచి వెళ్ళిపోలేదు. మ్యాపు చుట్టి పక్కన పెట్టింది.

"మా ఆఫీసులో ఒక ఖాళీ ఉంది," అంది.

ఆయన తన గ్లాసు ఆమె గ్లాసు పక్కన పెట్టాడు.

"మా అమ్మ కూడా వస్తుంది మరి. ఆవిడకి ఎవరి వంటా నచ్చదు."

"నాకసలు వంటే రాదు. ఇంక గొడవేముంది?" అంది ఇంజనీరమ్మ.