కాలరు లేని చొక్కాలు

కాలేజీలో అందరూ ఆమెను ఎదురుగా 'మేడం' అనేవారు. ఆమె గది తలుపు దాటగానే ఆ మాటకు ముందు 'కత్తెర' వచ్చి చేరేది. ఊళ్ళో ఏ వయసువాళ్ళయినా సాయంత్రాలు వచ్చి ఏదో ఒకటి నేర్చుకునే కమ్యూనిటీ కాలేజీ అది. కొవ్వొత్తులు పోయడం దగ్గర్నుంచి కంప్యూటరులో లెక్కలు రాయడం దాకా ఏ కోర్సు ఉండాలో, ఏది పోవాలో ఏటా తేల్చి కొత్త పట్టిక తయారు చెయ్యడం ఆమె ఉద్యోగం. వెనక ఏమంటున్నారో ఆమెకు తెలియకపోలేదు. నిజం చెప్పాలంటే ఆ బిరుదు మీద లోలోపల కాస్త మోజు కూడా ఉంది.

అలాంటి కత్తెర ఆ ఏడు తిరిగి తిరిగి సొంత ఇంటి మీదే పడింది.

ప్రిన్సిపాల్‌గారికి రెండే రెండు ఇష్టాలు: గంజి పెట్టిన చొక్కాలు, కొత్త కోర్సులు. ఒక మధ్యాహ్నం ఆమెను పిలిచి, డ్రోన్లు నడిపే కోర్సు పెట్టాలన్నాడు.

"గది ఎక్కడుంది సార్?" అంది ఆమె.

"చొక్కాలు కుట్టే క్లాసుంది కదా. అది తీసేస్తే సరి. రెండేళ్ళ నుంచి అందులో ఒక్కడంటే ఒక్కడు పాసవలేదు. గది కూడా పెద్దది, హాయిగా డ్రోన్లు ఎగరేసుకోవచ్చు."

"గదిలోనా?"

"మొదట్లో గదిలోనే. ధైర్యం వచ్చాక కిటికీలు తీద్దాం. ఈసారి పరీక్షలో మూడో వంతు మందైనా పాసవకపోతే రూలు ప్రకారం కొట్టేయండి మేడం. మీకు చెప్పాలా!"

ఇంకో కోర్సయితే అక్కడికక్కడే కొట్టేసేది. కానీ ఆ క్లాసులో ఉన్న పన్నెండు మందిలో ఒకరు ఆమె మామగారు.

ఆయన జీవితమంతా బస్సు నడిపారు. అత్తగారు పోయాక మాట్లాడడం మానేశారు. పొద్దున్నే తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వచ్చే పోయే బస్సుల్ని చూసేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. కొడుక్కి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కోడలే ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఏ కోర్సులో ఖాళీ ఉంటే ఆ కోర్సులో కూర్చోబెట్టింది. ఆ ఖాళీ ఉన్నది చొక్కాల క్లాసులో. నెల తిరిగేసరికి ఇంట్లో ఆయన నోరు మూయించడం కష్టమైపోయింది. బాబిన్‌లో దారం ఎలా చుట్టాలి, కాజా ఎక్కడ కొయ్యాలి, జేబు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే మనిషి ఎంత వెర్రివాడిలా కనిపిస్తాడు... వినేవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చేది. కోడలు మాత్రం ఆనందంగా వినేది.

ఒక్కటే లోటు. ఆయన కుట్టిన చొక్కాలకు కాలరు ఉండేది కాదు. పరీక్షలో ప్రతిసారీ అక్కడే తప్పేవారు. పాపం ముసలాయన, చేతకావడం లేదని ఆమె జాలిపడి, "పోనీలెండి మామయ్యా, వచ్చే ఏడు చూద్దాం" అనేది. ఆయన బిక్కమొహం వేసుకుని తల ఊపేవారు. ఆ చొక్కాలన్నీ కొడుకు వేసుకునేవాడు. "ఆఫీసులో నన్ను సన్యాసుల్లో కలిపేస్తున్నారు" అని గొణిగేవాడు గానీ, తండ్రి ఎదురుగా మాత్రం కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మెల్లగా కదిపింది.

"మామయ్యా, ఈసారైనా ఆ కాలరు మీద కాస్త గట్టిగా పట్టు పట్టండి."

"ఏం చెయ్యనమ్మాయ్! కాలరు దగ్గరకొచ్చేసరికి చేతులు వణుకుతాయి. వయసు కదూ."

భోజనమయ్యాక ఆయన కొడుకు చొక్కాకి ఊడిన గుండీ కుట్టడానికి కూర్చున్నారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. సూదిని దీపం వైపు ఎత్తి, దారాన్ని ఒక్క పోటుకు బెజ్జంలోకి తోసేశారు. చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. గిన్నెలు తీస్తున్న కోడలు చూసింది.

మర్నాడు సాయంత్రం చెప్పాపెట్టకుండా చొక్కాల క్లాసుకు వెళ్ళింది. మిషన్లు టకటకలాడుతున్నాయి. మందుల షాపాయన చొక్కాకి చేతులు అతుకుతున్నాడు. రిటైరైన నర్సు కాజాలు కుడుతోంది, అచ్చం అచ్చులో పోసినట్టున్నాయి. మామగారు జేబు కుట్టి ఇస్త్రీ కూడా చేసేశారు. బల్ల మీద అంతకుముందు కుట్టిన పన్నెండు చొక్కాలు, దేనికీ వంక పెట్టడానికి లేదు. దేనికీ కాలరు లేదు.

"కాలరు ఎప్పుడు నేర్పుతారు టీచర్?" అని అడిగింది.

కుట్టు టీచరు నీళ్ళు నమిలింది. "నేర్పుదామనే అనుకుంటాను మేడం... టైము చాలదు..."

"రెండేళ్ళ నుంచీ చాల్లేదా?"

అందరూ మిషన్లు ఆపేశారు. నర్సు ఉండబట్టలేకపోయింది. ఇంజెక్షన్లు ఇచ్చి ఇచ్చి ఆమెకు ఏదైనా చటుక్కున తేల్చెయ్యడం అలవాటు.

"మీరు మరీనూ మేడం! కాలరు కుడితే పాసైపోమూ? పాసయితే మళ్ళీ చేరనిస్తారా?"

కత్తెర మేడం బల్ల మీది చొక్కాల వైపు మళ్ళీ చూసింది. పాసైనవాళ్ళు అదే కోర్సులో మళ్ళీ చేరకూడదన్న రూలు నిజమే. కుండలు చేసే క్లాసులో ఒకాయన ఏళ్ళ తరబడి సీటు వదలకుండా కూర్చుని ఊరినిండా కుండలు పంచుతుంటే, విసుగొచ్చి రెండేళ్ళ కిందట ఆ రూలు రాసింది తనే. రాసినందుకు తనను తాను మెచ్చుకుంది కూడా.

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన ఇస్త్రీపెట్టె వైపు చూశారు.

"వయసు కదూ మామయ్యా!" అంది.

"నీతో అబద్ధమాడటం నాకూ ఇష్టం లేదమ్మాయ్" అన్నారాయన. "కానీ ఇక్కడికి రాకపోతే నేనెక్కడికి పోవాలి? మళ్ళీ ఆ కిటికీ దగ్గరికేగా?"

ఆ మాటకు ఆమె కోపం సగం కారిపోయింది. మిగతా సగంతో ఉన్న సంగతి చెప్పేసింది. ఈసారి నలుగురైనా పాసవకపోతే క్లాసే ఉండదని, ఈ గదిలో డ్రోన్లు ఎగురుతాయని.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ. పాసవడం ఎవరు?

"మీరు పాసవండి, మీకు మందుల షాపుంది, పొద్దు పోతుంది" అంది నర్సు.

"నా షాపు సంగతి మీకెందుకు? మీకు మనవలున్నారు, వెళ్ళి వాళ్ళని ఆడించుకోండి!"

"నా మనవలు నాకన్నా బిజీ! పోనీ వెనక బెంచీ అక్కచెల్లెళ్ళు పాసవుతారేమో అడగండి, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, కబుర్లకేం తక్కువ?"

"ఇంట్లో మేం మాట్లాడుకోం" అన్నారు అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఒకేసారి. "పోట్లాట. ఇక్కడే మాట్లాడుకుంటాం."

లోకంలో ఎక్కడైనా పిల్లలూ పెద్దలూ పాసవడానికి కొట్టుకుంటారు. ఇక్కడ ఒకరి మెడకు ఒకరు పాసు కట్టబోతున్నారు. కత్తెర మేడం ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. నవ్వాలో, తిట్టాలో తెలియక గోడకు చేరబడింది.

మామగారు లేచారు. "చాల్లెండి. నేను పాసవుతా" అన్నారు. "నిండిన బస్సులో ఎవరో ఒకరు లేచి సీటిస్తేనే ముసలమ్మ కూర్చుంటుంది. ఇన్నాళ్ళు కూర్చున్నాను, లేస్తాను."

గది చల్లబడింది. నర్సు ముక్కు చీది, "అలాగయితే నేనూ" అంది. ఆమె అన్నాక మందుల షాపాయనకు తప్పలేదు. నాలుగో పాసు అక్కచెల్లెళ్ళలో అక్కకి పడింది. చెల్లెలు ఎంత వద్దన్నా వినలేదు. ఆ విషయం మీద క్లాసులో మొదటిసారి పోట్లాడుకున్నారు.

తీరా త్యాగాలన్నీ అయ్యాక అసలు చిక్కు బయటపడింది. కాలరు కుట్టడం నలుగురికీ రాదు. రెండేళ్ళ పాటు జాగ్రత్తగా కాలరు దాకా వచ్చి ఆగిపోయిన మనుషులు! టీచరుకైనా వచ్చా అంటే, ఆమె కాలరు బిగువుగా నిలవడానికి వేసే బక్రం ముక్క చేతిలో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది లోపలికా, బయటికా?" అని తనను తానే అడిగింది. మొదటి కాలరు నాలుకలా బయటికి వేలాడింది. రెండోది మెడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళిపోయింది. మందుల షాపాయన కుట్టినది వేసుకుంటే గడ్డం పైకి లేచి, ఆయన గది కప్పు చూస్తూ నడవాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ టేపు పట్టుకుని గది కొలవడానికి వచ్చాడు. గంజి పెట్టిన తెల్లచొక్కా, పలకలా నిలబడ్డ కాలరు. నలుగురూ కొలతలు తీస్తున్న ఆ మనిషిని చుట్టుముట్టారు.

"సార్, కొంచెం వంగండి" అంది నర్సు.

"ఎందుకమ్మా?"

"మీ కాలరు... ఎంత బాగుందో సార్!"

పొగడ్తకు లొంగని ప్రిన్సిపాల్ ఇంకా పుట్టలేదు. వంగాడు. మామగారు ఒక కొస ఎత్తి కుట్టు ఎక్కడ మొదలైందో చూశారు. అక్క కళ్ళజోడు సర్దుకుని మెడ వెనక అతుకు చదివింది. టీచరు వేలితో బక్రం తడిమి, "ఆఁ! లోపలికే!" అని ఆనందం పట్టలేక గట్టిగా అరిచింది. ప్రిన్సిపాల్ గది కొలవడం మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఇంత గౌరవం తనకు స్టాఫు మీటింగులో కూడా దొరకలేదని దారిలో కత్తెర మేడంతో చెప్పాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని దగ్గింది.

ఆ రోజు నుంచి మామగారు ఇంట్లో ఉన్న చొక్కాలన్నీ బయటికి తీశారు. పరీక్ష నాటికి కొడుకు చొక్కాలన్నిటికీ కాలర్లు మొలిచాయి. కొడుకు సంబరం అంతా ఇంతా కాదు. కోడలు మాత్రం ఒక్కో కాలరు చూసినప్పుడల్లా లోపల చివుక్కుమనేది.

పరీక్షకు బయటి నుంచి ఒక దర్జీ వచ్చాడు. చొక్కాలు తిరగేసి మరగేసి నలుగురు పాస్, ఎనిమిది మంది ఫెయిల్ అన్నాడు. ఫెయిలైన ఎనిమిది మందీ చప్పట్లు కొట్టి టీలు తెప్పించుకున్నారు. పాసైన నలుగురూ గోడ వారన నిలబడ్డారు. దర్జీ దగ్గరకెళ్ళి, "మొదటి మార్కు మీదే, అభినందనలు" అంటే నర్సు భోరుమంది. ఇదేం కాలేజీరా బాబూ అనుకుంటూ ఆయన తన టేపు కూడా మరిచిపోయి బయటపడ్డాడు.

క్లాసు దక్కింది. మామగారికి మాత్రం దక్కలేదు. మర్నాడు సాయంత్రం క్లాసు వేళకు అలవాటు కొద్దీ తల దువ్వుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఒంటి మీద కాలరున్న చొక్కా, పరీక్షలో పాసైనది. కోడలు ఏదో అడిగితే "ఊఁ" అన్నారు. అంతే. ఆ 'ఊఁ' వినేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. తన రూలు మీద తనకే అసహ్యం వేసింది.

వంటింట్లో నిలబడి చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్ళూ పట్టికలోంచి తీసెయ్యడమే తప్ప, తనంతట తాను ఒక్కటి కలిపిన పాపాన పోలేదు. మర్నాడు పొద్దున్నే కొత్త పట్టికలో, చొక్కాల కోర్సు కింద, ఒక వరస రాసింది: 'కోటు కుట్టడం. అదే గది, అదే వేళ. చొక్కా కోర్సు పాసైనవారు మాత్రమే అర్హులు.'

ప్రిన్సిపాల్ చూసి కనుబొమలు ముడిచాడు. "నలుగురి కోసం ఒక కోర్సా మేడం?"

"మీ కాలరు చూశాకే వాళ్ళు పాసయ్యారు సార్. ఇప్పుడు మీ కోటు మీద కన్నేశారు."

ప్రిన్సిపాల్ తన కోటు అంచు ఒకసారి సవరించుకున్నాడు. "డ్రోన్లు మేడ మీద పెట్టుకోవచ్చేమో" అన్నాడు. సంతకం చేసేశాడు.

పట్టిక గోడకెక్కిన రోజే ఎనిమిది మంది ఆమె గది ముందు వాలారు. అందరికన్నా ముందు చెల్లెలు.

"ఇదేం అన్యాయం మేడం? మా అక్కకి కోటు, నాకు మళ్ళీ జేబులూ కాజాలూనా? మేం కూడా పాసయినట్టే! కావాలంటే ఇప్పుడే కాలరు కుట్టి చూపిస్తాం!"

"కుట్టడం వచ్చు కదా, మరి పరీక్షలో ఎందుకు కుట్టలేదు?"

ఎనిమిది మందీ ఒకరి వెనక ఒకరు నక్కారు.

"పోనీలెండి, వచ్చే ఏడు చూద్దాం" అంది కత్తెర మేడం, ఎంతో జాలిగా.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామగారు గుమ్మంలోనే టేపు మెడలో వేసుకుని నిలబడి ఉన్నారు. వచ్చీ రాగానే మొదలు. కోటుకు ఎన్ని పొరలుంటాయి, లోపల వేసే అస్తరు గుడ్డ ఎక్కడ దొరుకుతుంది, నర్సు ఏమంది, మందుల షాపాయన ఏమన్నాడు... చెప్పులు విప్పనివ్వలేదు.

"మొదటి కోటు నీదే అమ్మాయ్. నిలబడు, కొలతలు తీస్తాను."

ఆమె బ్యాగు కింద పెట్టి నిలబడింది. ఆయన భుజాలు కొలిచారు, వీపు కొలిచారు, కుడిచెయ్యి చాచమని అదీ కొలిచారు. తర్వాత టేపు చుట్టేసి జేబులో పెట్టుకోబోయారు.

"మామయ్యా, కోటు పరీక్షలో ఆఖరున ఏం కుట్టాలి?"

ఆయన ఆమె వైపు చూడలేదు. "ఎడమ చెయ్యి" అన్నారు.

ఆమె ఆయన వైపే చూస్తూ నిలబడింది. నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. ఎడమ చెయ్యి చాచింది.

"కొలతైతే తీసి ఉంచండి మామయ్యా. ఏదో ఒక ఏటికి పనికొస్తుంది."