పరీక్షించాను, పనిచేస్తోంది

ఆయనకు స్కజీ మావయ్య అని పేరు పెట్టింది అక్క పిల్లలు. ఇప్పుడు అక్క కూడా ఎగతాళికి అలాగే పిలుస్తోంది. స్కజీ అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకుని చేసేదేమీ లేదు కూడా. ఒకప్పుడు హార్డ్ డిస్కులనూ స్కానర్లనూ లావుపాటి కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించేవారు. ఆ కేబుల్ వచ్చి గుచ్చుకునే కార్డే స్కజీ కార్డు. మావయ్య ప్రాణంగా చూసుకునే రకం కార్డును తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతబడింది.

కార్డు ఉంటే సరిపోదు. దానితో మాట్లాడే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. ఆ ముక్కను కుర్రతనంలో రాసింది మావయ్యే. కుర్రతనం కదా, కంప్యూటర్ లేచి కార్డు కనబడగానే తన పేరు తెర మీద పడేలా ఒక వరుస కూడా పెట్టుకున్నాడు. ఆ సిస్టమ్‌ను నలుమూలల నుంచి జనం ఊరికే రాస్తారు, ఊరికే వాడుకుంటారు. జీతం లేదు, బత్తెం లేదు. మావయ్యకు పగలు పార్సిళ్ళ గోదాములో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం, సాయంత్రం గదికి రాగానే ఈ పని.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా లోపల ఏవో పద్ధతులు మారతాయి. పాత డ్రైవర్‌ను ఆ మేరకు సర్దాలి. సర్దాక అసలు కార్డు మీద పెట్టి చూసేవాళ్ళు కావాలి. మావయ్య కార్డు ఎప్పుడో కాలిపోయింది. ఇక లోకంలో అలాంటి కార్డు ఒక్కరి దగ్గరే మిగిలినట్టుంది. ఆ మనిషి ఎవరో తెలియదు. బూడిదపెట్టె అనే మారుపేరుతో ప్రతి వెర్షన్‌కూ ఒకే మాట రాస్తారు: "పరీక్షించాను, పనిచేస్తోంది." మావయ్య జవాబూ ఒకటే: "ధన్యవాదాలు, చేర్చుకున్నాను."

ఆ ఒక్క మాట కోసం ఆయన నెలల తరబడి ఎదురుచూసేవాడు. గోదాములో ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోతే తప్ప ఆయన్ని పలకరించే దిక్కు లేదు. గదిలో కుర్చీలు రెండున్నాయి. రెండోదాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టలే కూర్చుంటాయి.

"ఒరేయ్, ఇన్నేళ్ళుగా రాసుకుంటున్నారు, ఆడో మగో కూడా అడగలేదా?" అంది అక్క ఒకసారి ఫోన్లో.

"అవసరం పడలేదక్కా."

"నీకేం అవసరం పడుతుందిరా! ఆకలేసినా ఇంకొకళ్ళు చెబితేగానీ తెలియదు నీకు."

ఇలా నడుస్తుండగా, సిస్టమ్‌లో ఇలాంటి డ్రైవర్ల విభాగం చూసే పెద్దాయన అందరికీ ఒక ఉత్తరం పెట్టాడు. ఈ కార్డును ఎవరైనా నిజంగా వాడుతున్నారా, లేకపోతే వచ్చే వెర్షన్‌లో డ్రైవర్ తీసేస్తాను అని. మావయ్యకు ఒళ్ళు మండింది. ఎన్నడూ గొంతెత్తని మనిషి పేజీడు రాశాడు. ఒక్కరు వాడుతున్నా వాడుతున్నట్టే కదా అన్నాడు. ఆ మనిషి డిస్కుల్లో ఏముందో మనకేం తెలుసు, తీసేస్తే ఆ మనిషి గతేమిటి అన్నాడు. డ్రైవర్ పోతే ఆ ఒక్క పలకరింపూ పోతుందన్న సంగతి మాత్రం రాయలేదు. అసలు భయం అదే.

పెద్దాయన తగ్గాడు. ఆ వెర్షన్‌లో పెద్ద మార్పును తలకెత్తుకున్న ఒక ఇంజినీరమ్మ కూడా ఒప్పుకుంది. ఈ డ్రైవర్ తన పనికి అడ్డం పడుతున్నా, "ఒక్కరైనా ఉన్నారంటున్నారు కదా, నా సెలవుల్లో కూర్చుని సరిచేస్తాలెండి" అని రాసింది. మావయ్య ఆ వారమంతా గోదాములో ఈల వేసుకుంటూ తిరిగాడు.

అప్పుడొచ్చింది బూడిదపెట్టె నుంచి ఉత్తరం, ఆయనొక్కడికే.

"అందరి ముందూ నా తరఫున పోట్లాడారు. చదివి సిగ్గేసింది. నేను ఫొటోల దుకాణం నడిపేదాన్ని. ఆ కార్డుకు స్కానర్ తగిలించి ఉండేది. స్కానర్ పాడై చాలాకాలమైంది, దుకాణమూ తీసేశాను. ఇప్పుడు ఆ కార్డుకు ఏమీ తగిలించి లేదు. మీరింత కష్టపడుతున్నారు, చూసేవాళ్ళు లేకపోతే బాధపడతారని ఆ పాత కంప్యూటర్ పెట్టెను పారేయకుండా దాచాను. ఇంకో మాట. స్విచ్ వేయగానే మీ పేరు తెర మీద పడుతుంది. ఈ ఇంట్లోకి వచ్చే ఇంకో మనిషి పేరు అదొక్కటే. వాడుతున్నానని చెప్పమంటే అందరికీ చెబుతాను. మీ ఇష్టం."

మావయ్యకు నవ్వొచ్చింది. ఆవిడ కోసమని ఈయన, ఈయన కోసమని ఆవిడ, ఇన్నేళ్ళూ ఖాళీ కార్డును మోశారు. "చెప్పండి" అని రాశాడు. ఆ ఒక్క మాట పంపితే అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. ఉండాలని ఆయనకు ఎంతగానో ఉంది.

ఈలోగా ఇంజినీరమ్మ నుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. "మీ డ్రైవర్ సగం అయింది. సెలవులన్నీ దీనికే పెడుతున్నావని మా పాప నాతో మాట్లాడటం మానేసింది. ఫర్వాలేదు, పూర్తిచేస్తా."

ఆయన ఇంకా పంపని ఆ మాటను చెరిపేశాడు. వాడేవాళ్ళు లేరు, పొరబడింది నేనే, పాపతో ఆడుకోండమ్మా అని అందరూ చూసేచోటే రాసేశాడు. డ్రైవర్‌ను తీసే పని ఇంకొకరికి వదల్లేదు. తన పేరు పడే వరుసతో సహా తన చేత్తోనే మొత్తం తుడిచి పంపాడు. బూడిదపెట్టెకు మాత్రం, "ఇక మీకా శ్రమ ఉండదు. ధన్యవాదాలు" అని రాశాడు. జవాబు రాలేదు. రావడానికి అందులో ప్రశ్న ఏదీ లేదని ఆయనకు తట్టలేదు.

కొత్త వెర్షన్ వచ్చిన సాయంత్రం అలవాటు కొద్దీ తెర ముందు కూర్చున్నాడు. చూడటానికి ఏమీ లేదని తెలిసీ చూస్తున్నాడు. గది మరీ పెద్దదైపోయినట్టు అనిపించింది. ఇంతలో ఉత్తరం వచ్చింది.

"కొత్త వెర్షన్ పరీక్షించాను. మీ పేరు రాలేదు. మీరు భోంచేశారా?"

"ధన్యవాదాలు, చేర్చుకున్నాను" అని వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. చూసుకుని చెరిపాడు. తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. "ఇంకా లేదండీ. ఒక్కణ్ణే ఉన్నాను" అని రాశాడు. పంపబోతూ ఆగి, ఇన్నేళ్ళలో అడగనిది, మీ పేరేమిటని అడిగాడు.